బస్తరు వెలుగు – ఇద్దరు గురువులు – ఒక కెమెరా

విశాఖపట్నం నుండి కిరందుల్ వెళ్ళే పాసింజరు బండిలో ప్రయాణం చేసిన మన ఉద్యోగ కుటుంబాల వారికి ఆ మార్గాన్ని గురించి నేను కొత్తగా చెప్పవలసినది లేదు. కొత్తవలస దాటిన తరువాత అనంతగిరి కొండలు, యాభైకి పైగా సొరంగాలు, అరకు లోయ, కోరాపుట్, జగదల్‌పూర్, దంతెవాడ, చివరికి ఎద్దు మూపురం వలె నిలిచిన బైలదిలా కొండ. 1960వ దశకంలో ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడం కోసం వేసిన ఆ రైలు మార్గం మనలో ఎందరినో ఆ అడవికి చేర్చింది. నేను 1993లో ట్రైనీ ఇంజనీరుగా ఆ బండి దిగినప్పుడు నా పెట్టెలో రెండు జతల బట్టలు, ఒక స్లైడు రూలు (అప్పటికే దానితో పని లేకపోయినా నాన్నగారు ఇచ్చినది గనుక), మా మేనమామ గారు వాడి వదిలేసిన యాషికా జంట కటకాల కెమెరా ఉన్నాయి. ఈ వ్యాసానికి మూలం ఆ కెమెరా.

అయితే చెప్పదలచుకున్నది నా కెమెరాను గురించి కాదు. అదే సంవత్సరం ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వారు ప్రచురించిన ‘ది ట్రైబల్స్ ఆఫ్ ఇండియా’ అనే ఛాయాచిత్రాల గ్రంథాన్ని గురించి, దాని కర్త సునీల్ జానాను గురించి, ఆయన కంటిని తీర్చిదిద్దిన ఇద్దరు గురువులను గురించి. ఆ ఇద్దరిలో రెండవవాడు మన బస్తరు అడవులలో ఏళ్ళ తరబడి కాపురమున్న మనిషి.

సునీల్ జానా 1918లో అస్సాంలోని డిబ్రూగఢ్‌లో జన్మించారు. పెరిగినది, చదివినది కలకత్తాలో. చదివిన శాస్త్రం ఆంగ్ల సాహిత్యం. ఫొటోలు తీయడం ఒక సరదాగా ఉండేది. 1943లో వంగదేశం ఆకలితో అల్లాడుతున్నపుడు, కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శిగా ఉన్న పి.సి. జోషి ఈ యువకుని చదువు మాన్పించి, చిత్రకారుడు చిత్తప్రసాద్‌తో పాటు తన వెంట కరవు పల్లెలకు తీసుకొని వెళ్ళారు. జానా తీసిన ఫొటోలు పార్టీ పత్రిక ‘పీపుల్స్ వార్’లో అచ్చయ్యాయి. దారి పక్కన పడి ఉన్న ఎముకల గూళ్ళు, అన్నసత్రాల ముందు బారులు తీరిన తల్లులు. ఆ చిత్రాలను చూసిన దేశం ఉలిక్కిపడింది. కెమెరా పట్టడం తెలిసిన కుర్రవాడిని దేనివైపు తిప్పాలో చెప్పినవాడు జోషి. అది మొదటి గురుత్వం.

జోషి నేర్పినది తక్కువేమీ కాదు. సామాన్యుడు చరిత్రకు కర్త అని, అతనిని పైనుండి జాలిగా చూడరాదని, అతని ఎత్తున నిలిచి చూడాలని జానా చిత్రాలలో ఒక వ్యాకరణం ఏర్పడింది. రైతు, చేపలవాడు, కార్మికుడు - ముఖం వెనుక ఆకాశం తప్ప మరేమీ ఉండదు. కెమెరా కొంచెం కిందనుండి చూస్తుంది. ఆ కాలపు ఫొటోగ్రాఫర్ల చేతుల్లో ఎక్కువగా కనిపించిన రోలీఫ్లెక్స్ వంటి కెమెరాలను కంటి దగ్గర కాక నడుము దగ్గర పట్టుకొని, తల వంచి అద్దంలోకి చూసేవారు. దానివలన ఎదుటి మనిషి సహజంగానే కొంత ఎత్తుగా కనిపిస్తాడు. యంత్రం ఇచ్చిన కోణమూ, గురువు ఇచ్చిన భావమూ ఇక్కడ కలిశాయని నా అభిప్రాయం. తల వంచితే తప్ప ఫొటో తీయడానికి వీలులేని కెమెరా, ఇంజనీరుగా నాకు ముచ్చట గొలిపే నిర్మాణం.

1948లో పార్టీ పంథా మారింది. జోషి నాయకత్వం నుండి తొలగింపబడ్డారు. ఆయన మనిషిగా ముద్రపడిన జానా కూడా దూరమయ్యారు. కలకత్తాకు తిరిగి వచ్చి స్టూడియో పెట్టుకున్నారు. సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా ప్రభృతులతో కలిసి 1947లో ఆరంభమైన కలకత్తా ఫిల్మ్ సొసైటీలో ఆయన కూడా ఉన్నారు. 1949లో వచ్చిన జానా తొలి ఛాయాచిత్ర గ్రంథం ‘ది సెకండ్ క్రియేచర్’ను రూపొందించినది రాయ్ గారే. కాని నినాదమే లేకపోతే కెమెరాను దేనివైపు తిప్పాలి? ఇదిగో, ఈ సందిగ్ధ కాలంలోనే వెరియర్ ఎల్విన్ సహవాసం ఆయనను మధ్య భారతపు అడవులలోనికి నడిపించింది.

ఎల్విన్ 1902లో ఇంగ్లండులోని డోవర్‌లో పుట్టాడు. తండ్రి బిషప్పు. ఆక్స్‌ఫర్డ్‌లో సాహిత్యమూ మతశాస్త్రమూ చదివి 1927లో క్రైస్తవ సేవకుడుగా పూనాకు వచ్చాడు. గాంధీజీకి సన్నిహితుడైనాడు. 1932లో మిత్రుడు శ్యామరావు హివాలేతో కలిసి మండ్లా జిల్లాలోని కరంజియా అనే గోండు పల్లెకు వెళ్ళి స్థిరపడ్డాడు. మతం మార్చడానికి వెళ్ళినవాడు తానే మారి, చర్చిని వదలి, మానవశాస్త్రవేత్త అయినాడు. 1940 తరువాత కొంతకాలం బస్తరు సంస్థానంలో ఉండి, మూరియా, మాడియా తెగల మధ్య తిరిగాడు. జగదల్‌పూర్ రికార్డులలోని నూరు హత్య కేసులను పరిశీలించి 1943లో ‘మారియా మర్డర్ అండ్ సూసైడ్’ రాశాడు. 1947లో ‘ది మూరియా అండ్ దెయిర్ ఘోటుల్’ వచ్చింది. అది బండరాయంత పుస్తకం. అందులో ఆయన స్వయంగా తీసిన ఫొటోలు ఎన్నో ఉన్నాయి.

ఇక్కడ ఒక చిన్న మాట. బస్తరు మన తెలుగువారికి పరాయి దేశం కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఇంద్రావతి దాటి వచ్చి ఇక్కడ రాజ్యం స్థాపించినట్లు సంప్రదాయం. దంతేశ్వరి ఆ వంశపు ఇలవేలుపు. ఇక గోండీ భాష మన భాషకు చుట్టమే. సంతలో మొదటిసారి ‘రండ్’, ‘మూండ్’ అని లెక్కపెడుతుంటే విని, అవి మన రెండూ మూడూ అని తెలిసి నేను పొందిన సంతోషం ఇంతా అంతా కాదు. ఎల్విన్‌కు ఆ సౌలభ్యం లేదు. ఆయన నేర్చుకోవలసి వచ్చింది.

ఎల్విన్ పద్ధతి ఒక్క మాటలో చెప్పాలంటే - ఉండడం. అడిగి, రాసుకొని, వెళ్ళిపోవడం కాదు. మందులు ఇవ్వడం, వారి తిండి తినడం, పాటలు వినడం, అల్లరి భరించడం, అలా సంవత్సరాలు గడపడం. వారిని ఆయన దీనులుగా చూడలేదు. పేదరికాన్ని చూడక కాదు. అప్పులు, అడవి చట్టాలు, వడ్డీ వ్యాపారులను గురించి ఆయన రాసినంత కోపంగా ఆ రోజులలో రాసినవారు తక్కువ. కాని ఆ పేదరికమే వారి సర్వస్వం కాదని ఆయన పట్టుబట్టాడు. దువ్వెనలు చెక్కే చేయి, తలలో పూసల పట్టీల అమరిక, ఘోటుల్ స్తంభాలపై బొమ్మలు, పాటలోని హాస్యం - ఇవన్నీ నాగరికత అని ఆయన వాదం. ఘోటుల్ అంటే మూరియా యువతీ యువకుల సామూహిక గృహం. చేరిన ప్రతి చెలిక్‌కూ, ప్రతి మోతియారీకీ అక్కడ సిర్దార్ అనో, బెలోసా అనో ఒక కొత్త పేరు ఇస్తారు. ఈ పేర్ల సంగతి గుర్తుంచుకోవలసినదిగా పాఠకులకు మనవి. తరువాత దానితో పని పడుతుంది.

1940ల చివరా, 1950ల మొదటా జానా ఎల్విన్ వెంట అడవులు తిరిగారు. కరవును చిత్రించిన కన్ను అది. పస్తులు, ఊరేగింపులు, బిగించిన పిడికిళ్ళకు అలవాటుపడినది. ఆ కన్ను ఇక్కడ ఏమి చూసినదో ఆ గ్రంథం తిరగేస్తే తెలుస్తుంది. నవ్వుతున్న మనుషులు. పని మధ్యలో ఆగి కెమెరా వైపు నిస్సంకోచంగా చూస్తున్న అమ్మాయిలు. అడవిదున్న కొమ్ముల తలపాగాలతో, పెద్ద డోళ్ళతో నాట్యమాడే దండామీ మాడియాలు. జోషి నేర్పిన ఆ కింది కోణం, వెనుక ఆకాశం అలాగే ఉన్నాయి. కాని బరువు దిగింది. ముఖంలో బాధను వెతకడం మానుకున్నది. ఒక గురువు చెప్పినదాన్ని రెండవ గురువు తుడిచివేయలేదు. దానికి మరొక గదిని చేర్చాడు.

నేను దీన్ని ఊహించి చెబుతున్నానని కొందరనవచ్చు. కొంతవరకు నిజమే. గురువు శిష్యునికి ఇచ్చినది ఏదో వేరుచేసి చూపడానికి మన లేబొరేటరీలో ఖనిజం నమూనాలో ఇనుము శాతం తేల్చినట్లు కుదరదు. కాని అదే మనిషి 1943లో తీసిన చిత్రాన్నీ, బస్తరు చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, మధ్యలో ఎవరో చేయి పట్టి నడిపించారన్న సంగతి దాగదు. అపరిచితుని కెమెరాకు అలాంటి నవ్వులు దొరకవు. అవి ఎల్విన్ ఏళ్ళ తరబడి సంపాదించిన నవ్వులు. జానాకు అప్పుగా దొరికాయి.

ఈ సంగతి నాకు పుస్తకం వలన తెలియలేదు. మా పెద్దాయన వలన తెలిసింది.

ఆయన మా మెకానికల్ విభాగంలో సీనియర్ ఫోర్‌మన్. విజయనగరం ప్రాంతం వారు. పేరు రాయను, ఆయనకు ఇష్టముండదు. క్వార్టర్స్‌లో స్నానాలగదికి ఎర్ర బల్బు బిగించి ఫొటోలు కడిగేవారు. హైపో వాసనకు పిన్నిగారు విసుక్కొనేవారు. నా యాషికాను చూసి ముచ్చటపడి, “ఆదివారం దంతెవాడ సంతకు రావయ్యా” అన్నారు. కెమెరా మెడలో వేసుకొని వెళ్ళాను. చూడగానే ఆయన ముఖం మాడ్చుకున్నారు.

“దాన్ని సంచిలో పెట్టు.”

“ఫొటోలకే కదండీ వచ్చింది?”

“మూడు సంతలు అవ్వనీ. అప్పుడు తియ్యి. ఈలోగా ఏమైనా కొనుక్కో. మాట్లాడు.”

మూడు ఆదివారాలు ఇప్పపువ్వు, చింతపండు, చీపుళ్ళు, నాకు ఏ మాత్రం అక్కరలేని వెదురు బుట్టలు కొన్నాను. నాలుగో వారం నన్ను చూసి ఒక ముసలమ్మ నవ్వింది. అప్పుడు కెమెరా తీశాను.

వెలుతురు కొలవడం కూడా ఆయనే నేర్పారు. బస్తరు వేసవి ఆకాశం తెల్లగా మండుతుంటుంది. మీటరును మనిషి వైపు తిప్పితే అది వెనుక ఉన్న ఆకాశాన్ని కూడా కలిపి సగటు చెబుతుంది. ఆ లెక్కన తీస్తే ముఖం బొగ్గు ముద్ద అవుతుంది. ముక్కు, కళ్ళు ఏవీ మిగలవు. మన ఊళ్ళ ఆల్బములలో ఆదివాసుల ఫొటోలు అలా నల్లగా ఉండడానికి వారి రంగు కారణం కాదు, తీసినవాడి బద్ధకం కారణం. “నీ చేతిని వాళ్ళు నిలబడిన ఎండలోనే పెట్టి దానిమీద కొలువు” అనేవారు పెద్దాయన. “ఆకాశం పాడైపోతే పోనీ. ముఖం పోకూడదు.” జానా చిత్రాలలో నల్లని చర్మం కంచు వలె మెరిసే తీరును ఆ తరువాత చూసినపుడు, అక్కడ కూడా ఎవరో ముఖాన్నే నమ్మి కొలిచారని నాకనిపించింది.

మరొక మాట కూడా చెప్పాలి. అది నాకు గౌరవం కలిగించేది కాదు. ఒక ఆగస్టు పదిహేనున టౌన్‌షిప్ మైదానంలో మాడియా నృత్యం ఏర్పాటయింది. నర్తకులను ఉదయమే లారీలో తెచ్చారు. ఉపన్యాసాలు ముగిసేవరకు, అంటే సుమారు మూడు గంటలు, కొమ్ముల తలపాగాలతో ఎండలో నిలబెట్టారు. నేను ముందు వరుసకు చొరబడి ఒక నడివయసు నర్తకుని ఫొటో తీశాను. గవ్వల తెర వెనుక సగం మూసిన కళ్ళు, పైన కొమ్ములు, వెనుక మబ్బు. క్లబ్బు పోటీలో దానికి ప్రథమ బహుమతి వచ్చింది. స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చారు. శీర్షిక ‘గిరిజన నృత్యం’. గర్వంగా పెద్దాయనకు చూపించాను. ఆయన చాలాసేపు చూశారు.

“బాగుంది. ఈయన పేరేమిటి?”

తెలియదన్నాను.

“కళ్ళు ఎందుకు మూశాడు?”

తన్మయత్వం అన్నాను.

“ఎండ” అన్నారు ఆయన. డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టి, నా చేతికి ఇచ్చేశారు.

ఆ ఒక్క మాట నన్ను ఏడు వారాలు సంతలు తిప్పింది. ఫొటో ప్రతిని జేబులో పెట్టుకొని అడిగాను. ముఖం చూసి ఎవరూ చెప్పలేదు. ముఖం గవ్వల వెనుక ఉన్నది కదా. చివరకు ఒకాయన కొమ్ముల కట్టును చూసి, అది ఫలానా ఊరిదని గుర్తుపట్టారు. వెళ్ళాను. ఆయన దొరికారు. ఫొటో చూసి నవ్వి, ఆ తలపాగా తనది కాదని, మామగారి ఇంటినుండి తెచ్చుకున్నదని చెప్పారు. తరువాత ఫొటోను భార్యకు చూపించి ఏదో అన్నారు. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. నాకు అర్థమైన గోండీలో అది కళ్ళు మూసుకొని నిద్రపోతున్నట్లు ఉన్నాడని. పేరు అడిగాను, చెప్పారు. ఇక్కడ రాయడం లేదు. పత్రికలో వేస్తానని ఆనాడు ఆయనను అడగలేదు.

దీని తరువాత మన గ్రంథాలయానికి జానా పుస్తకం వచ్చింది. ఎంత గొప్ప పుస్తకమో అంత ఇబ్బంది పెట్టింది కూడా. చాలా చిత్రాల కింద తెగ పేరు, ప్రాంతం పేరు మాత్రమే ఉన్నాయి. ఘోటుల్‌లో అడుగుపెడితే రెండవ పేరు కూడా ఇచ్చే జనం, మన పుస్తకాలలోకి వచ్చేసరికి ఉన్న పేరునే పోగొట్టుకున్నారు. దానికి జానా ఒక్కరినే తప్పుపట్టడం న్యాయం కాదు. ఆనాటి ఆచారం అది. రవిక లేని ఆదివాసి స్త్రీల చిత్రాలను నగరాలలో ఎవరు ఏ కళ్ళతో చూశారన్న ప్రశ్న కూడా ఉన్నది. ఆ అమ్మాయిలు తమ ఊరిలో తమవారి ముందు ఉన్నట్లే కెమెరా ముందు ఉన్నారు. ఫొటో మాత్రం ఊరిలో ఉండలేదు. ఎల్విన్ మీద కూడా ఇటువంటి విమర్శలే వచ్చాయి. 1939లో ‘ది బైగా’ గ్రంథంలో ఆ తెగవారికి ఒక రక్షిత ప్రాంతం ఉండాలని సూచించినందుకు, ఆదివాసులను మ్యూజియంలో పెట్టదలచాడని ఆయనను ఆడిపోసుకున్నారు. ఆయన తరువాత ఆ ఆలోచనను సవరించుకున్నాడు. 1954లో భారత పౌరుడై, ఈశాన్య సరిహద్దు ప్రాంతంలో ప్రభుత్వ సలహాదారుగా పనిచేసి, 1964లో ఢిల్లీలో మరణించాడు. రామచంద్ర గుహ రాసిన జీవిత చరిత్ర 1999లో వచ్చింది. ఆసక్తి ఉన్నవారు తప్పక చదవవలసినది.

జానా 1950, 60 దశకాలలో మరొక పని చేశారు. అది మన పత్రిక పాఠకులకు మరీ దగ్గరిది. కొత్త దేశపు ఆనకట్టలు, ఉక్కు కర్మాగారాలు, బొగ్గు గనులను ఫొటోలు తీశారు. ఆ చిత్రాలలో కూడా క్రేన్లు, కొలుముల మధ్య మనిషిని వెతికారు. గనులలో తట్టలు మోసే ఆదివాసి స్త్రీలు అక్కడ కనిపిస్తారు. ఒక చిత్రంలో అడవిలో నవ్వినవారు, మరొక చిత్రంలో గని ముందు నిలిచినవారు, వీరి మధ్య ఎంత దూరం? బైలదిలాలో ఇరవై ఏళ్ళు పనిచేసిన నాకు ఆ దూరం తెలుసు. మా డంపరు తిరిగే బెంచి మీదనుండి చూస్తే వారి ఊళ్ళు కనిపిస్తాయి. మనకు అది అరవై అయిదు శాతం ఇనుము. వారికి ఆ కొండ మీద దేవుడున్నాడు. ఈ రెండూ నిజాలే అని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. లెక్కలు రాసే ఉద్యోగంలో రెండవదానికి గడి లేదు.

జానా చివరి సంవత్సరాలలో చూపు మందగించి, భార్యతో అమెరికాలో స్థిరపడ్డారు. 2012లో పద్మభూషణ్ వచ్చింది. అదే సంవత్సరం జూన్ 21న బర్కిలీలో కన్నుమూశారు. ఆయన పెద్ద గ్రంథం ‘ఫొటోగ్రాఫింగ్ ఇండియా’ మరుసటి సంవత్సరం వెలువడింది.

మా పెద్దాయన అంతకు ముందే రిటైరై విజయనగరం వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు తన నెగటివులన్నీ బియ్యపు డబ్బాలో పెట్టి నాకు అప్పగించారు. బస్తరు వానాకాలంలో కటకానికీ ఫిల్ముకూ బూజు పడుతుంది. బియ్యం కొంత చెమ్మను పీలుస్తుందని ఆయన నమ్మకం. సిలికా జెల్ వాడమని నేనెంత చెప్పినా వినలేదు. ఇటీవల వాటిని స్కాన్ చేయించడం మొదలుపెట్టాను. ప్రతి కవరు మీద పెన్సిలుతో ఆయన చేతి రాత ఉన్నది - తేదీ, సంత, ఎఫ్ సంఖ్య, దాని కింద మనిషి పేరు. నూట పన్నెండు కవర్లలో తొమ్మిదింటి మీద మాత్రం పేరు బదులు ఒక ప్రశ్నార్థకం ఉన్నది. ఆ తొమ్మిదింటి ప్రతులు తీయించాను. వచ్చే నెల సెలవు పెట్టి దంతెవాడ సంతకు వెళుతున్నాను.